లెక్క ఎవరిది, నిర్ణయం ఎవరిది? ధ్రువసముద్రపు తిమింగలాల నుంచి నల్లమల పులుల దాకా ఒక చర్చ

మన్ననూరు దారి (చర్చ ప్రారంభం)

మిత్రులందరికీ నమస్కారం. నేను నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్లో పద్నాలుగేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న చెంచు పిల్లల్లో కొందరు ఇప్పుడు అడవిలోని బేస్ క్యాంపుల్లో కాపలా పని చేస్తున్నారు. మొన్న వారిలో ఒకతను ఇంటికి వచ్చి, మాటల మధ్యలో ఇలా అడిగాడు: "సార్, పులి ఏ దారిన నడుస్తుందో చూపించేది మేమే, ఆ దారి పక్కన చెట్లకు కెమెరాలు కట్టేది మేమే. ఎన్ని పులులు తేలాయో మాత్రం మాకు పేపర్లో చూస్తేనే తెలుస్తుంది. లెక్క మాది కాదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అటవీ శాఖ ఊరూరా పెట్టిన వన సంరక్షణ సమితుల కాలం నుంచీ "ఉమ్మడి యాజమాన్యం" అన్న మాట వింటూనే ఉన్నాం. కూలి ఇచ్చి పని చేయించుకోవడాన్ని భాగస్వామ్యం అనవచ్చునా అన్నదే నా సందేహం. ప్రభుత్వమూ, అడవినో సముద్రాన్నో నమ్ముకుని బతికే ఆదివాసులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని వన్యప్రాణుల గురించి నిర్ణయాలు తీసుకుంటున్న చోటు ఎక్కడైనా ఉందా? ఉంటే అది ఎలా మొదలైంది, ఎలా నిలబడింది? తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

మంచుగట్టు

పంతులుగారికి నమస్కారం. నేను అలాస్కాలో చదువుకుంటున్నాను. మీ విద్యార్థి అడిగిన ప్రశ్ననే ఇక్కడి ఇనూపియాట్ వేటగాళ్లు 1977లో అడిగారు. ఆ కథ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

అలాస్కా ఉత్తర తీరంలోని ఇనూపియాట్లు, బేరింగ్ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవిలో ఉండే యూపిక్‌లు ఎన్నో తరాలుగా బోహెడ్ తిమింగలాన్ని వేటాడి బతుకుతున్నారు. ఒక తిమింగలం పడితే ఊరంతా పంచుకుంటారు, మాంసాన్ని అమ్ముకోరు. 1848లో అమెరికా వ్యాపార ఓడలు బేరింగ్ జలసంధి దాటి వచ్చి, నూనె కోసం, నోటిలోని పొడవాటి బాలీన్ పట్టీల కోసం ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే దాకా ఈ తిమింగలాలను ఊచకోత కోశాయి. ఓడలు వెళ్లిపోయాయి, తిమింగలాలు తగ్గిపోయాయి, వేటాడేవారిగా తీరంలో మిగిలింది ఇనూపియాట్లు, యూపిక్‌లే. 1977లో, తిమింగలాల వేటను నియంత్రించే అంతర్జాతీయ వేలింగ్ కమిషన్ శాస్త్రవేత్తలు బోహెడ్‌లు రెండు వేల లోపే మిగిలి ఉంటాయని, ఇంకా తక్కువే కావచ్చునని అంచనా వేసి, ఇక ఒక్కదాన్ని కూడా వేటాడకూడదని చెప్పారు. శాస్త్రవేత్తలు చెబుతున్నదానికి ఎన్నో రెట్ల తిమింగలాలు తమకు కనబడుతున్నాయని వేటగాళ్లు మొత్తుకున్నారు. వేట మీద ఆధారపడినవారు వేట ఆపమంటే అలా కాక ఎలా అంటారని చాలామంది ఆ మాటను కొట్టిపారేశారు.

తేడా ఎక్కడ వచ్చిందో చూడండి. వసంతంలో తిమింగలాలు ఉత్తరానికి వలస వెళ్లేటప్పుడు, మంచు చీలి ఏర్పడిన నీటి దారి పక్కన గట్టు మీద నిలబడి, కంటికి కనిపించినవాటిని శాస్త్రవేత్తలు లెక్కించేవారు. తిమింగలం గాలి పీల్చుకోవాలి కాబట్టి తెరిచిన నీటిలోనే వెళుతుందని, మంచు మూసుకుపోతే ఆగిపోతుందని వారు అనుకున్నారు. ఇక్కడ హ్యారీ బ్రోవర్ అనే పెద్ద వేటగాడు ఉండేవారు. తిమింగలం మంచు కింద ఈదుతుందని, ఊపిరి కావాల్సినప్పుడు తలతో మంచును పగలగొట్టి పీల్చుకుంటుందని, తీరానికి దూరంగా, గట్టు మీదివారి కంటికి ఆనని చోట కూడా గుంపులు వెళతాయని ఆయన శాస్త్రవేత్త టామ్ ఆల్బర్ట్‌కు చెప్పారు. ఆల్బర్ట్ ఆ మాటను నమ్మి, పరీక్షించాలని నిర్ణయించుకున్నారు. నీటిలో హైడ్రోఫోన్లు, అంటే నీటి లోపలి శబ్దాలు వినే పరికరాలు, దించి తిమింగలాల గొంతులను విన్నారు, విమానాల్లో తిరిగి దూరంగా చూశారు. వేటగాడి మాట అక్షరాలా నిజమని తేలింది. 1980ల చివరికి అంచనా 7 వేలు దాటింది, 2001లో 10 వేలు దాటింది, 2011 లెక్కింపులో దాదాపు 16,800కు చేరింది. ఇందులో కొంత పెరుగుదల నిజంగా తిమింగలాలు పెరగడం వల్ల వచ్చింది, కొంత అంతకుముందు లెక్కకు అందనివి లెక్కలోకి రావడం వల్ల వచ్చింది.

ఇక యాజమాన్యం సంగతి. నిషేధపు మాట వినగానే వేటగాళ్ల నాయకులు అలాస్కా ఎస్కిమో వేలింగ్ కమిషన్ అనే సొంత సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 1978కి అంతర్జాతీయ వేలింగ్ కమిషన్ తక్కువ కోటా ఇచ్చింది: ఒడ్డుకు చేర్చినవి 12, లేదా హార్పూన్ (వేట ఈటె) తగిలినవి 18, ఏది ముందైతే అక్కడితో ఆగాలి. 1981లో అమెరికా ప్రభుత్వపు సముద్ర వ్యవహారాల సంస్థ నోవా ఈ సంఘంతో సహకార ఒప్పందం మీద సంతకం చేసింది. అంతర్జాతీయంగా కోటా అడిగేది ప్రభుత్వం. దాన్ని 11 ఊళ్ల మధ్య పంచేది, వేట నియమాలు రాసేది, తప్పు చేసిన వేట పడవ కెప్టెన్‌ను శిక్షించేది వేటగాళ్ల సంఘం. సంఘం ఆ పని చేయలేకపోతే ప్రభుత్వం కల్పించుకునే అధికారం ఒప్పందంలోనే ఉంది. ఒక ఊరు తన వాటాను వాడుకోలేకపోతే మరో ఊరికి ఇవ్వవచ్చు. వేటలో దొరికిన ప్రతి తిమింగలాన్ని జీవశాస్త్రవేత్తలు పరీక్షించడానికి వేటగాళ్లే సహకరిస్తారు. అలా పరీక్షించినప్పుడు కొన్నింటి ఒంట్లో పాతకాలపు రాతి ఈటె మొనలు దొరికాయి. బోహెడ్ రెండు వందల ఏళ్లు బతకగలదన్న నిర్ణయానికి రావడానికి అవి కూడా ఒక ఆధారమయ్యాయి.

2019 నుంచి 2025 వరకు ఏడేళ్లకు, రష్యాలోని చుకోట్కా ప్రజల వాటాతో కలిపి, 392 తిమింగలాలకు అనుమతి ఇచ్చారు. మీ విద్యార్థితో ఈ మాట చెప్పండి: ఇక్కడ లెక్క వారిది కూడా.

పాతబీటు

మంచుగట్టు గారూ, మంచి వృత్తాంతం రాశారు, సంతోషం. నేను అటవీ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పులుల అడవిలో నడిచినవాడిగా నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది, తిమింగలానికి కోటా ఉంది, పులికి కోటా ఉండదు. వేటాడే జంతువు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడం వేటగాడికి అవసరం. పులి విషయంలో ఆ అవసరం ఎవరిది? రెండవది, పులి ఎక్కడ ఉందో ఎంత ఎక్కువమందికి తెలిస్తే అంత ప్రమాదం. పులి గోళ్లకు, చర్మానికి, ఎముకలకు బయటి నుంచి డబ్బు పట్టుకుని వచ్చేవారున్నారు. అడవిపందికి పెట్టిన ఉచ్చులో పులి పడి చచ్చిన చోట నేను నిలబడ్డాను. ఆ రోజు నేను తిన్న అన్నం అరగలేదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయని చెబుతూనే ఉండగా, 2004, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగలలేదని తేలిన సంగతి మరచిపోకండి. లెక్క గట్టి చేతుల్లో ఉండాలన్నది అక్కడ నేర్చుకున్న పాఠం.

మూడవది, మన దగ్గర ప్రయత్నం జరగలేదనడం సరికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల మొదట్లోనే ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది, ఊరూరా వన సంరక్షణ సమితులు వచ్చాయి. కొన్ని చోట్ల బోడిగుట్టలు పచ్చబడ్డాయి, నేనే చూశాను. అయితే నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: సమావేశం ఎప్పుడన్నది మేమే చెప్పేవాళ్లం, చిట్టా మేమే రాసేవాళ్లం, డబ్బు ఆగిన ఏడాది సమితి కూడా ఆగిపోయేది.

చెంచు కాపలాదారులు లేకుండా నల్లమలలో బేస్ క్యాంపు నడవదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

మంచుగట్టు

పాతబీటు గారూ, మీ మూడో పేరా ఎంతో విలువైనది. డబ్బు ఆగితే సమితి కూడా ఆగిపోయేదన్న మీ మాటనే నేను పట్టుకోవాలనుకుంటున్నాను. వేటగాళ్ల సంఘానికి ప్రభుత్వంతో సంబంధం లేకుండానే సొంత సభ్యులు, సొంత నియమాలు, సొంత సమావేశాలు ఉన్నాయి. ప్రభుత్వ డబ్బు ఒక ఏడాది తగ్గినా సంఘం ఉంటుంది. మన సమితులను ప్రభుత్వం పుట్టించింది కాబట్టి ప్రభుత్వం పక్కకు తిరిగితే అవి పడిపోయాయి.

కోటా సంగతి మీరన్నది నిజమే, పులికి అది వర్తించదు. ఐతే కోటాలో ఉన్న ఒక్క మెలికను గమనించండి. దెబ్బ తగిలి తప్పించుకున్న తిమింగలం కూడా కోటాలో లెక్కకు వస్తుంది. అందువల్ల దెబ్బ తగిలినది చేజారకుండా చూసుకోవలసిన బాధ్యత వేటగాళ్ల మీదే పడింది. వారు ఆయుధాలను మెరుగుపరచుకున్నారు, యువకులకు శిక్షణ ఇచ్చారు, చేజారేవి బాగా తగ్గాయి. నియమం ఎలా రాయాలో తెలిసినవారు రాస్తే, దాన్ని పాటించడంలో తమ మేలు ఉందని పాటించేవారికి కనబడుతుంది.

దొడ్డసంపిగె

నేను కర్ణాటకలోని చామరాజనగర జిల్లాలో, బిళిగిరి రంగన కొండల దగ్గర పరిశోధన చేశాను. పాతబీటు గారి "పులి ఉన్నచోట కుదరదు" అన్న సందేహానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ అదే కాబట్టి రాస్తున్నాను.

అక్కడ సోలిగలు అనే ఆదివాసులు ఉంటారు. 1974లో ఆ కొండలు అభయారణ్యం అయ్యాయి. సోలిగలు పూర్వం వేసవి తొలిరోజుల్లో ఎండుటాకులకు చిన్న మంట పెట్టేవారు, దానిని "తరగు బెంకి" అంటారు. ఆ మంట నేల మీది చెత్తను కాల్చి, పెద్ద చెట్లకు హాని లేకుండా సాగిపోతుంది. మంట నిషేధించిన తర్వాత అడుగున లాంటానా కంప విపరీతంగా అల్లుకుంది. గడ్డి తగ్గిపోతే గడ్డి తినే జంతువుకు మేత ఏది, ఆ జంతువు లేకపోతే పులికి ఆహారం ఏది అని సోలిగ పెద్దలు చాలా ముందు నుంచే అడుగుతున్నారు.

ఉసిరి చెట్టు విషయం ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అక్కడి ఉసిరి చెట్లు తగ్గిపోవడం చూసిన పరిశోధకులు, కాయలు ఎక్కువగా కోయడమే కారణమేమో అని మొదట చూశారు. కొమ్మల మీద పెరిగే బదనిక లాంటి పరాన్నజీవి మొక్క చెట్లను చంపుతోందని, పూర్వం మంటలు దాన్ని అదుపులో ఉంచేవని సోలిగలు చెప్పారు. పరిశోధకులు ఆ మాటను ఆధారంగా తీసుకుని చెట్లను పరిశీలించారు. బదనిక పట్టిన చెట్లు ఎక్కువగా చనిపోతున్నాయని తేలింది. హ్యారీ బ్రోవర్ చెప్పిన మంచు, సోలిగలు చెప్పిన మంట, రెండు చోట్లా అడిగి వినడంతోనే పని మొదలైంది.

2011లో ఆ అడవిని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో 25 సోలిగ గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు గుర్తించారు. ఒక పులుల అభయారణ్యంలో అలా జరగడం దేశంలో అదే మొదటిసారి. హక్కు పత్రం వచ్చినంత మాత్రాన యాజమాన్యం వచ్చిందని నేను చెప్పను, ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. కానీ పులి ఉన్నచోట ఆ మాట ఎత్తడానికే వీల్లేదన్న వాదన అక్కడ తప్పని తేలింది.

కొండతేనె

అందరికీ దండాలు. పంతులుగారు రాసిన ఆ ప్రశ్న నాదే. సార్ నాకు ఈ చర్చ చూపించి, నువ్వే రాయరా అన్నారు. రాత తప్పులను సారే దిద్దారు.

పాతబీటు సార్ చెప్పిన ఉచ్చుల మాట నిజం. రాత్రి తిరిగి ఉచ్చులు ఏరేది మేమే. పులి ఎక్కడుందో మాకు తెలియడం ప్రమాదమైతే, మాకు అది ఎప్పటి నుంచో తెలుసు. ప్రమాదం మా వల్ల వచ్చి ఉంటే ఈ అడవిలో పులి ఈపాటికి ఉండేది కాదు.

నేను కోటా అడగడం లేదు, పులి పటం అందరికీ పంచమనడం లేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక ఎండాకాలం ముందు, జంతువులకు నీళ్ల కోసం ఒక సాసర్ పిట్, అంటే పళ్లెంలాంటి లోతు తక్కువ తొట్టి, కట్టారు. ట్యాంకర్ రావడానికి వీలుగా బండ్లు తిరిగే దారి పక్కన కట్టారు. దానికి కొద్ది దూరంలోనే, బండల కింద ఏడాది పొడవునా తడి ఆరని చెలమ ఉంది. దాన్ని కాస్త తవ్వి పూడిక తీస్తే చాలని మా తాత అక్కడున్న అధికారితో అన్నాడు. ఆయన మంచివాడే, విన్నాడు. కానీ పనుల జాబితా అప్పటికే పైనుంచి వచ్చేసింది, అందులో పూడిక తీసే పని లేదు. ఆ ఎండాకాలం కణుజులు చెలమ దగ్గరే కాళ్లతో తవ్వుకుని తాగాయి. సాసర్ పిట్ దగ్గర కోతుల అడుగులే ఎక్కువ కనిపించాయి.

తేనె తీసేటప్పుడు పట్టు మొత్తం కోయకూడదని, కొంత ఈగలకు వదలాలని మా ఇంట్లో చిన్నప్పుడే చెబుతారు. మహాశివరాత్రికి వేలాదిమంది భక్తులు నల్లమల గుండా నడిచి శ్రీశైలం చేరతారు, దారిలో మావాళ్లు సాయం చేస్తారు, మాకు అది సంతోషమే. అంతమందికి ఏర్పాట్లు ఆలోచించగలిగిన పెద్దలు, ఏడాదికి ఒకసారి మా పెంటలో (చెంచు గూడెంలో) కూర్చుని "ఈ ఏడు ఏ చెలమ తవ్వాలి, ఏ దారి మూయాలి" అని అడగడం కష్టం కాదని నాకు అనిపిస్తుంది. కూలి పెంచమని అడగడం వేరు. ఇది వేరు.

ఎర్రనేల

ఆస్ట్రేలియా నుంచి ఒక చిన్న చేర్పు. 1985 అక్టోబరు 26న ఉలూరు అనే పెద్ద రాతికొండ ఉన్న భూమిని అక్కడి మూలవాసులైన అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చారు. వారు దాన్ని 99 ఏళ్లకు ప్రభుత్వానికి జాతీయ ఉద్యానవనంగా లీజుకు ఇచ్చారు. యాజమాన్య మండలిలో అనంగులదే మెజారిటీ. ఆ రాతికొండ ఎక్కవద్దని వారు దశాబ్దాలుగా కోరుతూ వచ్చారు. చివరకు ఆ మండలి నిర్ణయంతోనే 2019లో ఎక్కడం ఆగిపోయింది. మెజారిటీ ఉన్నా ఒక్క కోరిక నెరవేరడానికి ముప్పై ఏళ్లు దాటింది. అక్కడ కూడా కొద్దికొద్దిగా మంట పెట్టే పాత పద్ధతిని ఉద్యానవనం పనుల్లో చేర్చారు.

సెక్షన్ చదువరి

కొండతేనె తమ్ముడు అడిగింది దయ కాదు, చట్టంలో ఉన్న విషయమే. వృత్తిరీత్యా ఈ చట్టాలతో పనిచేస్తాను కాబట్టి స్పష్టంగా రాస్తాను.

2006 నాటి అటవీ హక్కుల చట్టం అనగానే అందరికీ పోడు భూమి పట్టాలే గుర్తుకు వస్తాయి. ఆ చట్టంలోని 3(1) సెక్షన్‌లో, సంప్రదాయంగా కాపాడుకుంటూ వచ్చిన సామూహిక అటవీ వనరును రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు కూడా ఉంది. 5వ సెక్షన్ వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారాన్ని హక్కుదారులకూ గ్రామసభకూ ఇస్తుంది. నియమాల ప్రకారం గ్రామసభ వేసుకున్న కమిటీ ఒక పరిరక్షణ, యాజమాన్య ప్రణాళిక తయారు చేసుకోవచ్చు, దాన్ని అటవీ శాఖ ప్రణాళికలతో కలపవచ్చు. కొండతేనె చెప్పిన చెలమ పూడిక ఆ ప్రణాళికలో మొదటి పంక్తి కాగలదు.

అంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. ఆదిమ గిరిజన సమూహాలకు, అంటే చెంచులకు కూడా, వారి ఆవాస ప్రాంతం మొత్తం మీద సామూహిక హక్కు కోరే అవకాశం అదే 3(1)లో ఉంది. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో బైగా ఆదివాసులు 2015లో ఆ హక్కు పొందారు. వారు మొదట చేసిన పని తమ అడవి పటాన్ని తామే గీసుకోవడం.

పాతబీటు గారి ఆందోళనకు కూడా చట్టంలోనే సమాధానం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేర్చిన 38-వి సెక్షన్, పులులకు కీలకమైన ఆవాసాన్ని ప్రకటించమంటూనే, అక్కడి ఆదివాసుల హక్కులకు భంగం కలగకూడదని చెబుతుంది. సహజీవనానికి వేరే మార్గం లేదని తేల్చి, గ్రామసభ సమ్మతి తీసుకున్న తర్వాతే తరలింపు గురించి మాట్లాడాలి. 2005లో సునీతా నారాయణ్ అధ్యక్షతన ఏర్పడిన పులుల కార్యాచరణ దళం కూడా, స్థానికులను శత్రువులుగా చేసుకుని పులిని కాపాడలేమన్న దిశలోనే చెప్పింది.

మనకు కొరతగా ఉన్నది మంచుగట్టు గారు చెప్పిన ఒప్పందం లాంటి పత్రం. ఎవరు ఏ పని చేస్తారు, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది, తేడా వస్తే ఎవరు తేలుస్తారు అని రెండు వైపులా సంతకం చేసిన కాగితం ఉండాలి. హక్కు ఉండి ఆ కాగితం లేకపోతే, మంచి అధికారి ఉన్నంతకాలం పని సాగుతుంది, ఆయన బదిలీ అయితే మళ్లీ మొదటికి వస్తుంది.

పాతబీటు

కొండతేనె, నీ పోస్టు రెండుసార్లు చదివాను నాయనా. పనుల జాబితా పైనుంచి రావడం గురించి నువ్వు రాసింది నాకు గుచ్చుకుంది, అలాంటి జాబితాల మీద నేనూ సంతకాలు పెట్టాను.

నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. పులి కెమెరా ఫోటోలు, అవి దొరికిన చోట్లు బయటికి పొక్కకూడదన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. వేటముఠా చేతిలో ఆ ఒక్క సమాచారం చాలు. కానీ నీళ్లు, మేత, కంప తొలగింపు, మంటలు పాకకుండా వేసే అగ్గి గీతలు, ఏ కాలంలో ఏ దారి మూయాలన్నవి రహస్యాలు కావు. వీటిని చెంచు పెంటల సమావేశంలో నిర్ణయించి, అటవీ శాఖ వార్షిక ప్రణాళికలో యథాతథంగా చేర్చడానికి అభ్యంతరం ఏమిటో నాకు తోచడం లేదు. ఏడాది చివర లెక్క తేలాక, ఎన్ని పులులు, ఎన్ని పిల్లలు అన్నది మొదట ఆ కెమెరాలు కట్టినవారికే చెప్పాలి. దాని వల్ల పులికి ఏ నష్టమూ లేదు.

ఇంకొక మాట. బీట్లలో, అంటే అడవి కాపలా విభాగాల్లో, పనిచేసేవారికి ఇది అదనపు భారంగా కనిపించవచ్చు. వారి మీద పని ఒత్తిడి ఇప్పటికే ఎక్కువ. సమావేశం పెట్టే బాధ్యత గ్రామసభదే కావాలి, అధికారి అక్కడికి అతిథిగా వెళ్లాలి. మా కాలంలో మేము దీన్ని తలకిందులుగా చేశాం.

మన్ననూరు దారి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. సెక్షన్ చదువరి గారు చెప్పిన బైగాల పని నుంచే మొదలుపెట్టాలని కొండతేనె, మరికొందరు యువకులు అనుకుంటున్నారు. ఆదివారం మా బడి వరండాలో పెద్ద చార్టు పరిచి, పెద్దలను కూర్చోబెట్టి, తమ చుట్టూ ఉన్న కుంటలు, చెలమలు, ఊటలు, తేనె బండలు గీయిస్తాం. దాన్ని గ్రామసభ ముందు పెట్టి తీర్మానం రాయించాలని ఆలోచన. తీర్మానం ముసాయిదాను ఇక్కడ ఉంచుతాను, సెక్షన్ చదువరి గారూ, పాతబీటు గారూ దిద్దిపెట్టాలి.

కొండతేనె

సార్, ఆదివారం మా తాత వస్తానన్నాడు. కానీ ఆయన ఒక మాట అడిగాడు. క్యాంపులో మేము వాడే పటంలో నీటి చోట్లకు అంకెలే ఉన్నాయి. మా వాళ్లకు ఆ అంకెలు తెలియవు, ఒక్కో చెలమకు ఒక్కో పేరు ఉంది. చార్టు మీద పేర్లే రాయాలట, కావాలంటే అంకె పక్కన చిన్నగా రాసుకోమన్నాడు. పాతబీటు సార్, మీరు కూడా రాగలిగితే, ఏ అంకె ఏ పేరుకు వస్తుందో జత చేయడానికి మీరే కావాలి.

పాతబీటు

వస్తాను. నా పాత డైరీలు కూడా తెస్తాను.